లైనక్స్ వేసిన ల్యాప్‌టాప్‌లో వైఫై రాకపోతే

సంపాదకుల వారికి,

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిశాక, మా ఎంవీపీ కాలనీలోనూ పాత ల్యాప్‌టాప్‌లలో విండోస్‌కు బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటున్న విద్యార్థులు కనిపిస్తున్నారు. వారిలో కొందరు వైఫై రాలేదని మొదటిరోజే వెనుకడుగు వేయడం బాధాకరం.

బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై చిప్ ఉన్న కొన్ని యంత్రాలకు డ్రైవర్‌ను (ఆ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను) విడిగా చేర్చవలసి ఉంటుంది. డ్రైవర్‌కు నెట్ కావాలి, నెట్‌కు డ్రైవర్ కావాలి అన్న ఈ చిక్కుముడి, ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ (ఫోన్ నెట్‌ను ల్యాప్‌టాప్‌కు పంచే సదుపాయం) ఆన్ చేస్తే చాలావరకు విడిపోతుంది. వైఫై కలిసినా సైట్లు తెరుచుకోకపోతే, టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే విండోలో), అవతలి యంత్రం నుంచి జవాబు వస్తోందో లేదో చూపే పింగ్ ఆదేశం పక్కన గూగుల్ సర్వర్ చిరునామా అయిన 8.8.8.8 ఇచ్చి చూడాలి. దానికి జవాబు వస్తూ, సైటు పేరు ఇచ్చినప్పుడు మాత్రం పేరే దొరకలేదని చూపితే, లోపం సైట్ల పేర్లకు అంకెల చిరునామాలు వెతికిపెట్టే డీఎన్‌ఎస్‌లో ఉన్నట్టే కాబట్టి ముందుగా ఆ సెట్టింగునే సరిచూడాలి. లోపలి గదికి సిగ్నల్ అందకపోతే, గోడలను మెరుగ్గా దాటే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌ను ఎంచుకోవాలి. ఈపాటి పరీక్షలు తెలియకనే కొందరు బాగున్న వైఫై కార్డులను సైతం మార్పించుకుంటున్నారు.

ఇటువంటి వివరాలను ఆదేశాలతో సహా మీ విద్యా పేజీలో తెలుగులో ప్రచురించాలని, నగరంలోని ఇంజినీరింగ్ కళాశాలలు సెలవు రోజుల్లో తమ కంప్యూటర్ ల్యాబ్‌లలో ఇలాంటివారికి సాయపడాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం