వెన్నెల నడకలు ఇకపై పౌర్ణమి రోజునే

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల పక్కన మాతో వెన్నెల్లో నడిచిన అందరికీ నమస్కారం. ఈ ఏడాది తేదీలు ఇంకా ఎందుకు చెప్పలేదని చాలామంది ఫోను చేసి అడుగుతున్నారు. కారణం చెప్పకుండా తేదీలు చెప్పడం నాకు సబబు అనిపించలేదు.

గత చైత్ర పౌర్ణమి వారం మధ్యలో వచ్చింది. సెలవు రోజైతే ఎక్కువమంది వస్తారన్న ఆశతో నడకను మూడు రోజులు జరిపి శనివారం పెట్టాను. 42 మంది వచ్చారు. పౌర్ణమినాడు పొద్దు గుంకే వేళకే చంద్రుడు పైకి వస్తాడు. ఆ తరువాత రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. ఈ లెక్క నాకు తెలియనిది కాదు. ఆ శనివారం తొమ్మిది దాటితే గానీ చంద్రుడు కనిపించలేదు. ఏడున్నరకే బయలుదేరిన మనం చీకట్లో, 42 టార్చిలైట్లతో నడిచాం. దానికి వెన్నెల నడక అని పేరు పెట్టి మీ దగ్గర డబ్బు తీసుకున్నాను.

రాత్రిపూట రిజర్వు అడవిలోకి వెళ్లకూడదు కాబట్టి మన దారి ఎప్పుడూ పొలం గట్లు, చెరువుకట్ట, రాళ్ల బీళ్ల మీదుగానే. ఆ రోజు బీడు దాటుతుండగా ఒక తీతువు జంట మన తలల మీద తిరుగుతూ ఆగకుండా అరిచింది. రాత్రి తీతువు కూస్తే కీడు అంటారని ఒక పెద్దావిడ భయపడి, వెనక్కి వెళ్దామన్నారు. ఏమీ కాదమ్మా అని సర్దిచెప్పి నడిపించాను. ఆవిడ మాట విని ఉంటే ఎంత బాగుండేదో.

తెల్లవారి మనకు దారి చూపే గొర్రెల కాపరి నన్ను అక్కడికి తీసుకువెళ్లాడు. తీతువు గూడు కట్టదు. నేల మీద చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, అంతే. గుడ్లు కూడా రాళ్ల రంగులోనే ఉంటాయి. వేలు పెట్టి చూపించేదాకా నా కంటికి ఆనలేదు. నాలుగింటిలో ఒకటి నలిగిపోయి ఉంది. పక్కనే ఎర్రమట్టిలో బూటు అచ్చు. ఎవరిదని నేను వెతకలేదు. అక్కడికి తీసుకువెళ్లింది నేనే.

అందుకే కొన్ని మార్పులు చేస్తున్నాను. నడక పౌర్ణమి రోజునే, అది ఏ వారమైనా సరే. తీతువులు గుడ్లు పెట్టే కాలం ఇంచుమించు మార్చి నుంచి ఆగస్టు వరకు కాబట్టి, ఇకపై ఆశ్వయుజం నుంచి ఫాల్గుణం దాకా ఆరు నడకలే. ఫాల్గుణంలో బీడు వైపు వెళ్లం, చెరువుకట్ట మీదే తిరిగి వస్తాం. ఒక్కో నడకకు 12 మంది. టార్చి దారి చూపేవారి దగ్గర మాత్రమే ఉంటుంది. మీ ఫోన్లు సంచుల్లో ఉండాలి. ఈ విషయంలో మొహమాటపడను. చీకటికి కళ్లు అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కరి ఫోను వెలిగితే పక్కవాళ్లందరికీ మళ్లీ మొదటికి వస్తుంది. కళ్లు ఒకసారి కుదురుకున్నాయంటే చెప్పులో చిక్కిన పల్లేరు కాయ కూడా కనిపిస్తుంది. రంగులు మాత్రం కనిపించవు. మన ఎర్రనేల బూడిద పరిచినట్టు ఉంటుంది.

రుసుము 700 నుంచి 1,200 రూపాయలు అవుతోంది. పెంచినా నా రాబడి సగానికి పైగా తగ్గుతుంది. దారి చూపే ఇద్దరికి ఇచ్చేది మాత్రం తగ్గించను. ఖర్చు ఎక్కువ అనుకునేవారి మీద నాకు ఏ నిష్ఠూరమూ లేదు. వేసవి నడకలకు ముందే కట్టిన వారందరికీ ఈ నెలాఖరులోగా పూర్తి సొమ్ము తిరిగి వస్తుంది. ఆ శనివారం వచ్చిన 42 మందికి కూడా. మబ్బు పట్టి నడక ఆగిపోతే అదే రాత్రి డబ్బు వెనక్కి ఇస్తాను.

ఒక్కసారే రాగలిగితే మార్గశిరంలోనో పుష్యంలోనో రండి. చలికాలపు పున్నమి చంద్రుడు అర్ధరాత్రికి దాదాపు నడినెత్తికి చేరతాడు. నీడలు కాళ్ల కిందికి వచ్చేస్తాయి, చెరువు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తెల్లగా కనిపిస్తుంది. చలి గట్టిగా ఉంటుంది, శాలువా తెచ్చుకోండి. మొదటి నడక ఆశ్వయుజ పౌర్ణమికి. పేర్లు పాత ఫోను నంబరుకే చెప్పండి.