సెల్లార్‌లో బ్యాటరీ అంటుకుంటే పౌడర్ సిలిండర్ ఆపలేదు

సంపాదకులకు నమస్కారం.

అపార్ట్‌మెంట్ సెల్లార్లలో విద్యుత్ స్కూటర్లకు ఛార్జింగ్ పాయింట్లు పెట్టిస్తున్న నివాసుల సంఘాలు, ఆ పక్కనే గోడకు ఒక ఎర్ర పౌడర్ సిలిండర్ తగిలించి, పైన ఓ ఫైర్ బాల్ (మంట తగిలితే పగిలి పౌడర్ చల్లే బంతి) వేలాడదీసి, భద్రత పని అయిపోయిందనుకుంటున్నాయి. అమ్మేవాళ్లూ ఆ మాటే చెబుతున్నారు. లిథియం అయాన్ బ్యాటరీ దగ్గర ఈ లెక్క తప్పుతుంది.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, ఆ వెంటనే విజయవాడలో ఇళ్లలో ఛార్జింగ్‌కి పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఈ-స్కూటర్ల షోరూమ్ తగలబడి, ఆ పొగ పైనున్న లాడ్జిని కమ్మేసింది. ఎనిమిది మంది చనిపోయారు. ఎక్కువ మందికి ఊపిరాడకే ప్రాణం పోయింది. 300 డిగ్రీల పొగ సాంద్రత మామూలు గాలిలో దాదాపు సగం. అలాంటి పొగకు మెట్లదారి దొరికితే అది పొగగొట్టమే. కింది తలుపు తెరిచి ఉంటే నాలుగైదు అంతస్తులు ఎక్కడానికి దానికి నిమిషం కూడా పట్టదు. అందుకే సెల్లార్ నుంచి మెట్లలోకి తెరుచుకునే తలుపు దానంతటదే మూసుకునేలా ఉండాలి. దానికి ఇటుక అడ్డం పెట్టి తెరిచి ఉంచే అలవాటు మన భవనాల్లో ఎంత మామూలో అందరికీ తెలిసిందే.

ఇక బ్యాటరీ లోపలి సంగతి. బ్యాటరీలో వరసగా పేర్చిన చిన్న ఘటాల్లో ఒక్కోదాన్ని సెల్ అంటారు. అది వేడెక్కి సుమారు 80 నుంచి 120 డిగ్రీల మధ్యకు చేరితే ఆనోడ్ (రుణ ధ్రువం) మీది రక్షణ పొర విడిపోవడం మొదలవుతుంది. 130 దగ్గర రెండు ధ్రువాలను విడదీసే పాలిథిలిన్ సెపరేటర్ కరుగుతుంది, లోపలే షార్ట్ అవుతుంది. నికెల్ ఎక్కువున్న కాథోడ్ (ధన ధ్రువం) అయితే 200 దాటాక తనలోని ఆక్సిజన్‌నే వదులుతుంది. ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ ఈ విషయంలో కాస్త నయం, కానీ దాన్నుంచి కూడా మండే వాయువులు వస్తాయి. ఒక సెల్ ఇలా అదుపు తప్పాక ఆ వేడే పక్క సెల్‌ని రాజేస్తుంది. బయట కనిపించే మంట ఈ గొలుసుకు చివరి కొస మాత్రమే.

ఆ ఎర్ర సిలిండర్‌లోని ఏబీసీ పౌడర్‌లో ప్రధానంగా ఉండేది మోనో అమ్మోనియం ఫాస్ఫేట్. అది మంటలోని రసాయన చర్యను తెంపుతుంది, కట్టె మీద పడితే కరిగి పొరలా కప్పేస్తుంది. కానీ వేడిని లాగేయదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ చేసేది గాలిలోని ఆక్సిజన్‌ని పక్కకు నెట్టడం. సెల్ తన ఆక్సిజన్‌తో తాను నడుస్తుంటే దాంతో ఒరిగేది తక్కువ. రెండింటితోనూ మంట ఆరినట్టే ఉంటుంది, కొద్ది నిమిషాల్లోనో కొన్ని గంటల తర్వాతో మళ్లీ లేస్తుంది. పైగా మంట లేకుండా వాయువు మాత్రం వస్తూ ఉంటే ఇంకా ప్రమాదం. హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, ఎలక్ట్రొలైట్ (సెల్‌లోని మండే ద్రవం) ఆవిరి సెల్లార్‌లో పేరుకుని, ఒక్క నిప్పురవ్వకు పేలతాయి. బుస్సుమనే చప్పుడుతో తెల్లటి పొగ వస్తుంటే అది ఆవిరే కదా అని దగ్గరికి వంగి చూడకూడదు.

"లిథియం మీద నీళ్లు పోస్తే పేలుతుంది" అనే మాట కూడా బాగా ప్రచారంలో ఉంది. అది లిథియం లోహానికి సంబంధించిన మాట. స్కూటర్ బ్యాటరీల్లో లిథియం అయాన్ల రూపంలో ఉంటుంది. ఛార్జర్‌కి వెళ్లే 230 వోల్టుల కరెంటు ఆపేశాక, దీనికి నీళ్లే సరైన మందు.

ఎన్ని నీళ్లు? 3 యూనిట్ల బ్యాటరీలో నిల్వ ఉన్న విద్యుత్తు 10.8 మెగాజౌళ్లు. మండేటప్పుడు ఎలక్ట్రొలైట్, ప్లాస్టిక్ కూడా కాలుతాయి కాబట్టి మొత్తం వేడి దీనికి కొన్ని రెట్లుంటుంది. ప్రస్తుతానికి ఈ 10.8నే తీసుకుందాం. 30 డిగ్రీల నీరు లీటరు మొత్తం ఆవిరైతే 2.55 మెగాజౌళ్ల వేడిని తీసుకుంటుంది. అంటే నాలుగు లీటర్లు చాలు. ఆవిరి కాకుండా మరిగే దాకా వేడెక్కి ఊరుకుంటే 37 లీటర్లు కావాలి. నిజంగా జరిగేది వేరు. నీరు పెట్టె మీద పడి, ఓ పది డిగ్రీలు వేడెక్కి, నేల మీదికి జారిపోతుంది. అప్పుడు 260 లీటర్లు పడుతుంది. హోస్ రీల్ (గోడ దగ్గర చుట్టి ఉంచే నీటి గొట్టం) నిమిషానికి 30 లీటర్లు ఇస్తుందనుకుంటే దాదాపు 9 నిమిషాలు ఆగకుండా కొట్టాలి. నాలుగుకీ 260కీ మధ్య తేడా అంతా, నీరు వేడి ఉన్నచోటికి చేరిందా లేదా అన్నదే.

చేరనివ్వనిది బ్యాటరీ పెట్టే. వానకు తడవకుండా దాన్ని ఐపీ 67 ప్రమాణంతో బిగిస్తారు. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా చుక్క లోపలికి పోకూడదు. కొనేవాళ్లకు అది భరోసా, మంటలార్పేవాళ్లకు అదే గోడ. కాబట్టి నీళ్లు మంట మీద కాదు, పెట్టె ఒంటి మీద పడాలి. వాయువు చీల్చుకొచ్చిన రంధ్రం కనిపిస్తే అక్కడ పడాలి. స్కూటర్‌లో ఆ పెట్టె ఫుట్‌బోర్డు కిందో సీటు కిందో ఉంటుంది. పైకప్పు స్ప్రింక్లర్ జల్లంతా సీటు మీద పడి పక్కలకు జారిపోతుంది. అయినా స్ప్రింక్లర్ కావాలి, ఎందుకంటే అది పక్క బండ్లను తడిపి కాపాడుతుంది.

వాటర్ మిస్ట్, అంటే నీటిని సన్నటి తుంపరగా చల్లే పద్ధతి గురించీ ఒక మాట. లీటరు నీటిని 1 మిల్లీమీటరు చుక్కలుగా చేస్తే మొత్తం ఉపరితలం 6 చదరపు మీటర్లు, 0.1 మిల్లీమీటరు చుక్కలుగా చేస్తే 60. చిన్న చుక్క నూరు రెట్లు త్వరగా ఆవిరవుతుంది, గదిని, పొగను అద్భుతంగా చల్లబరుస్తుంది. కానీ నిశ్చలమైన గాలిలో అది పడే వేగం సెకనుకు 30 సెంటీమీటర్లకు మించదు. పెద్ద చుక్కది 4 మీటర్లు. మంట నుంచి పైకి లేచే వేడిగాలి సెకనుకు కొన్ని మీటర్ల వేగంతో వస్తుంటే సన్న చుక్క ఎదురెళ్లలేదు, దాంతోపాటే పైకి పోతుంది. ఆవిరైన మిస్ట్ బ్యాటరీ లోపలికి పోయిందని బ్రోషర్‌లో రాయడం తేలికే.

పాత భవనాల్లో గొట్టాల సంగతి ఇంకా అన్యాయం. 100 మిల్లీమీటర్ల పైపు తుప్పుతో లోపల 80కి తగ్గితే అదే ప్రవాహానికి ఒత్తిడి నష్టం మూడు రెట్లవుతుంది. కె-80 అనే రకం స్ప్రింక్లర్ 1 బార్ నీటి ఒత్తిడి దగ్గర నిమిషానికి 80 లీటర్లు ఇస్తే 0.5 బార్ దగ్గర 57 మాత్రమే ఇస్తుంది. 68 డిగ్రీలకు పగలాల్సిన ఎర్ర గాజు బల్బు మీద సున్నం కొట్టేస్తారు, పంపు స్విచ్ మాన్యువల్‌లో వదిలేస్తారు. గేజ్ ముల్లు చూసి సంతకం పెట్టకుండా, చిట్టచివరి వాల్వ్ తెరిచి డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తే నిజం బయటపడుతుంది.

మా అసలు అభ్యర్థన పరీక్షల గురించి. వాహన బ్యాటరీల భద్రతకు మన దేశంలో ఉన్న ఏఐఎస్ 156 ప్రమాణాన్ని 2022లో కఠినం చేశారు, సంతోషం. అది బండికి వర్తిస్తుంది, సెల్లార్‌కి కాదు. ఆర్పే పరికరం అమ్మేవాళ్లు చూపించేది పెట్రోలు ట్రే మంటనో, రెండు నిమిషాల వీడియోనో. 30 శాతం ఛార్జ్‌లో ఉన్న సెల్ సాధువులా ఉంటుంది, నూరు శాతంలో ఉన్నదే అసలు పరీక్ష. యూఎల్ 9540ఏ అనే అమెరికా బ్యాటరీ మంటల పరీక్షా పద్ధతిలో సెల్‌ని నిమిషానికి 4 నుంచి 7 డిగ్రీల చొప్పున హీటర్‌తో వేడెక్కించి, తర్వాత మాడ్యూల్ (కొన్ని సెల్‌ల కట్ట), ఆపైన మొత్తం యూనిట్ అంటూ మెట్టు మెట్టుగా పోతారు.

కొలతల్లోనూ బోల్తా పడే చోట్లున్నాయి. తడిసిన థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ), చుట్టూ గాలి 400 డిగ్రీలున్నా 100 దాటి చూపదు, అది చూసి "చల్లారింది" అని రాసేస్తారు. దానికి గొడుగులా రేకు కప్పాలి, సెల్ ఒంటికి వేరే థర్మోకపుల్ అతికించాలి. మీద పడే వేడిని కొలిచే, నీళ్లతో చల్లబరిచే హీట్ ఫ్లక్స్ గేజ్‌లోకి మరీ చల్లటి నీళ్లు పంపితే వానాకాలం గాలికి దాని ముఖం మీద తేమ పడుతుంది, రీడింగ్ తప్పుతుంది. ఖర్చయిన ప్రతి కిలో ఆక్సిజన్‌కి 13.1 మెగాజౌళ్ల వేడి అన్న లెక్కతో మంట శక్తిని కొలుస్తారు. నమూనా గాలిలోని నీటి ఆవిరిని ముందే తీసేయకపోతే ఆక్సిజన్ తక్కువ చూపించి, మంట ఉన్నదానికన్నా పెద్దదిగా తేలుతుంది. కాథోడ్ తానే ఆక్సిజన్ ఇచ్చిన మేరకు చిన్నదిగానూ తేలుతుంది. ఈ రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేస్తాయని ఆశపడకూడదు.

రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్‌ఐ) వంటి చోట అగ్ని ప్రయోగశాలలున్నాయి. తెలుగు రాష్ట్రాల అగ్నిమాపక శాఖలు వాటి సాయంతో మన సెల్లార్ ఎత్తున్న ఒక గది కట్టి, పక్కపక్కన మూడు స్కూటర్లు పెట్టి, పూర్తి ఛార్జ్‌తో ఒకదాన్ని రాజేసి, ఆరాక 24 గంటలు గమనించి, ఫలితాలను గ్రాఫులతో సహా తెలుగులో ప్రజల ముందు పెట్టాలి. మళ్లీ లేచిందా, పక్క బండి అంటుకుందా అన్నవే ఆమోదానికి కొలమానాలు కావాలి.

అది జరిగేలోగా సంఘాలు ఛార్జింగ్‌ను మెట్లకు, లిఫ్టుకు దూరంగా, ర్యాంపు దగ్గర బయటి గాలి తగిలే చోటికి మార్చవచ్చు. కరెంటు ఆపే స్విచ్‌ని ఛార్జర్ పక్కన కాకుండా సెల్లార్ బయట పెట్టించాలి. కాలిన బ్యాటరీని అగ్నిమాపక సిబ్బంది బయటికి తీశాక గోడలకు, బండ్లకు దూరంగా ఆరుబయటే ఉంచాలి. డ్రమ్ములో ముంచితే మంచినీళ్లే వాడాలి, మూత పెట్టకూడదు. ఉప్పు కలిపితే హైడ్రోజన్ మరింత బుడగలు కడుతుంది.

ఇట్లు,
ఉష్ణ ప్రసారం, అగ్ని నిరోధం ప్రయోగాల్లో పనిచేసే కొందరు ఇంజినీర్లు,
హైదరాబాద్