గాజువాక మెజారిటీలో పొత్తు వాటా ఎంత?

సంపాదకులకు,

గాజువాక పేరెత్తితే పత్రికల్లో వెంటనే కనిపించే అంకె 95,235. 2024లో రాష్ట్రంలోకెల్లా పెద్ద మెజారిటీ అదే, కాదనేది లేదు. తెదేపా అభ్యర్థి పల్లా శ్రీనివాసరావుకు 1,57,703 ఓట్లు రాగా వైకాపా తరఫున నిలబడిన అప్పటి మంత్రి గుడివాడ అమర్‌నాథ్‌ 62,468 దగ్గర ఆగిపోయారు. పక్కన 2019 లెక్క పెట్టకుండా ఈ ఒక్క అంకే వేస్తే, ఉక్కు ఉద్యమమని (విశాఖ ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణ వ్యతిరేక పోరు) ఒకరు, గాలి అని ఇంకొకరు ఎవరికి తోచింది వారు చెప్పేస్తారు.

2019లో ఇక్కడ ముక్కోణపు పోటీ. వైకాపా అభ్యర్థి తిప్పల నాగిరెడ్డికి 75,292, జనసేన తరఫున పవన్ కల్యాణ్‌కు 58,539, పల్లాకు 56,642 ఓట్లు వచ్చాయి. నాగిరెడ్డి 16,753 ఓట్లతో గెలిచారు. ఓడిన ఇద్దరివీ కలిపితే 1,15,181. అంటే 2024లో కూటమి కట్టిన జనసేన, తెదేపా అప్పుడే కలిసి ఉంటే కాగితం మీద 39,889 ఆధిక్యం. 2024 మెజారిటీలో ఆ మేరకు పొత్తు పుణ్యమే. మిగిలిన 55,346లో వైకాపాకు తగ్గినవి 12,824 కాగా కూటమికి పెరిగినవి 42,522. చిన్న పార్టీల ఓట్లు ఇందులో వేయలేదు. వైకాపా కూలిపోయిందనే మాట గాజువాక మట్టుకు సరిగా అతకదు. అవతలి పక్క ఓట్లు పెరగడమే అసలు కథ.

ఒక పార్టీ ఓట్లు ఇంకో పార్టీకి నిజంగా మళ్లాయో లేదో తేలాలంటే ఏ బూత్‌లో ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో చూపే ఎన్నికల సంఘం పత్రం, ఫారం-20 చూడాలి. అక్కడే చాలామంది బోల్తా పడతారు. 2019 నాటి 112వ బూత్, 2024లో 112వ బూత్ ఒకటే అనుకోకూడదు. ఆ ఎన్నికల నాటికి ఓటర్లు 1,500 దాటితే అనుబంధ కేంద్రం పెట్టేవారు, దాంతో వరుస సంఖ్యలు జరిగిపోయేవి. నంబరు వదిలేసి బడి పేరు, వీధులు చూసి జత కలపాలి. రెండోది, బూత్‌ల మొత్తం కూడితే ప్రకటించిన ఓట్లకన్నా తక్కువ వస్తుంది. కంగారు పడి గోల్‌మాల్ అనక్కర్లేదు. పోస్టల్ బ్యాలెట్లు ఏ బూత్‌కూ చెందవు, షీటు చివర విడి వరుసలో ఉంటాయి. ఉద్యోగులు ఎక్కువున్న మా ప్రాంతంలో ఆ వరుసను మరవకూడదు. స్కాన్ చేసి పెట్టిన కాగితమైతే వెతకడానికి కుదరదు, కళ్లజోడు పెట్టుకుని వరుసవరుసా చదువుకోవాల్సిందే.

ఉక్కు ఉద్యోగులు ఉండే ఉక్కునగరం బూత్‌లను ఒక కుప్పగా, పెదగంట్యాడ వైపు కర్మాగారానికి భూములు వదిలిన నిర్వాసితుల కాలనీలను ఇంకో కుప్పగా విడదీసి చూస్తేనే ఉక్కు అంశం ఎంత పనిచేసిందో మాట్లాడగలం. మొత్తం నియోజకవర్గం అంకె చూపి ఆ మాట అనడం ఊహే. ఇకపై నియోజకవర్గ విశ్లేషణ వేసినప్పుడు మెజారిటీ పక్కనే కిందటి ఎన్నికలో పార్టీలవారీగా వచ్చిన ఓట్లనూ నాలుగు వరుసల గడిలో ఇవ్వండి. అందుకు పట్టే చోటు రెండు అంగుళాలు.

— ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం