వార్షిక నివేదిక: మిల్లు కళ్లంలో ట్రాంబోన్

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

2024–25 సంవత్సరంలో మన సంఘం చేసిన పనుల వివరాలను మీ ముందు ఉంచుతున్నాను. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో మన వీధులకు ట్యాంకర్లతో మంచినీరు తెప్పించాం. వానలకు ముందే మురుగు కాలువలో గుర్రపుడెక్క తీయించాం. కార్తీకంలో క్షీరారామానికి వచ్చే యాత్రికులకు ఫలహారం, సంక్రాంతికి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. కంటి పరీక్షల శిబిరం మాత్రం వైద్యుల తేదీలు కుదరక జరగలేదు. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా చదువుతారు.

మిగిలిన నివేదిక అంతా ఒకే సాయంత్రం గురించి. ఒక్క కార్యక్రమానికి ఇంత చోటు ఇవ్వడం మన సంఘంలో అలవాటు లేదు. అయినా ఆ సాయంత్రాన్ని రెండు వాక్యాల్లో ముగిస్తే ఈ ఏడాది నివేదిక రాసినట్టే కాదని నా నమ్మకం.

ఫిబ్రవరిలో ఒక శనివారం, కాలువ గట్టు పక్కనున్న రైసు మిల్లు వారి ధాన్యం ఆరబోసే కళ్లంలో జాజ్ కచేరీ పెట్టాం. గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఊదే ఇత్తడి వాద్యం ట్రాంబోన్. దాన్ని వాయించిన విద్వాంసుడు అమెరికా నుంచి చెన్నైకి కచేరీల కోసం వచ్చారు. అక్కడ సంగీతం నేర్చుకుంటున్న మన సభ్యుడి కుమార్తె అడగగా పాలకొల్లు రావడానికి ఒప్పుకున్నారు. శాక్సొఫోన్, కీబోర్డు, డబుల్ బేస్, డ్రమ్స్‌తో కలిపి బృందంలో ఐదుగురు. వారి వివరాలు ఆహ్వానపత్రంలో అచ్చువేశాం కనుక ఇక్కడ మళ్లీ రాయడం లేదు.

ఈ ప్రతిపాదన కార్యవర్గం ముందుకు వచ్చినప్పుడు పాలకొల్లుకీ జాజ్‌కీ ఏమి సంబంధమని ఒక పెద్దాయన అడిగారు. అడగవలసిన ప్రశ్నే. 1969లో ఈ ఊళ్లోనే పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వాయించారు. అప్పటికి ఆయన వయసు పద్నాలుగేళ్లు. నాలుగు జతల తీగలుండే వాద్యాన్ని ఐదు ఒంటి తీగలకు మార్చుకుని, గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జార్చడం, పలకదని అందరూ అన్న చోట గమకం పలికించారు. మన ఊరి పిల్లవాణ్ణి ఆ వేదిక చెవి ఒగ్గి విన్నది. వాళ్ల సంగీతాన్ని మన ఊరు ఒక పూట వినడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదని చెప్పాను, ఆ పెద్దాయన ఒప్పుకున్నారు. విరాళాల్లో మొదటి రసీదు ఆయన పేరు మీదే ఉంది. సాధారణ నిధి నుంచి ఈ కచేరీకి ఒక్క రూపాయి కూడా తీయలేదని కూడా సభ్యులకు తెలియజేస్తున్నాను.

కళ్లానికి ఒక వైపు గోడౌను రేకుల గోడ ఉంది. మధ్యాహ్నం విద్వాంసుడు వచ్చి కళ్లం నడుమ నిలబడి ఒక్క చప్పట్టు కొట్టారు. చప్పట్టు ఒకటి, వినబడింది రెండు. ఆ గోడ ఉండగా డ్రమ్ము దెబ్బ ప్రతిదీ రెండుసార్లు వినిపిస్తుందని, పాట నడక చెడుతుందని అన్నారు. ఏమి చేయాలో మాకు తోచలేదు. మిల్లు హమాలీలకు తోచింది. ఊక బస్తాలు తెచ్చి గోడ పొడుగునా మనిషెత్తు వరుస పేర్చారు. మళ్లీ చప్పట్టు కొడితే ఒక్కటే వినబడింది. సౌండు సిస్టమ్ తెస్తామన్నవారు రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు, కచేరీ ఆరింటికి బదులు ఏడున్నరకు మొదలైంది. కానీ వచ్చినవారందరికీ ప్రతి స్వరం విడిగా వినబడిందంటే అది ఆ బస్తాల వల్లే. హమాలీ సోదరులకు సంఘం తరఫున నిండు కృతజ్ఞతలు.

సౌండు వారి కోసం ఎదురుచూస్తున్న ఆ రెండు గంటలూ వృథా కాలేదు. కాలనీ పిల్లలు విద్వాంసుడి చుట్టూ చేరారు. ట్రాంబోన్‌కు వాళ్లు అప్పటికే లాగుడు బాకా అని పేరు పెట్టేశారు. ఆయన గొట్టం లాగుతూ చూపించారు: స్లైడు పూర్తిగా లోపల ఉంటే ఒకటో స్థానం, చేయి చాచినంత మేర బయటికి లాగితే ఏడో స్థానం. ఒక్కో స్థానానికి అర స్వరం దిగుతుంది. చుట్టలు విప్పి సాపు చేస్తే మొత్తం గొట్టం తొమ్మిది అడుగుల దాకా ఉంటుంది. స్థానాలకు గీతలూ గుర్తులూ ఏమీ ఉండవు. వయొలిన్‌లో లాగే చెవే గుర్తు. ఒక పిల్లవాడు స్లైడు చివరినుంచి కారుతున్న నీళ్లు చూసి అది ఉమ్మా అని అడిగాడు. చాలా వరకు ఊపిరిలోని ఆవిరేనని, వెచ్చటి శ్వాస చల్లటి లోహానికి తగిలి నీరవుతుందని ఆయన ఓపికగా చెప్పారు. చలి పెరిగితే స్వరం దిగిపోతుందని, అందుకే వాయించనప్పుడు కూడా గొట్టంలోకి ఊదుతూ వెచ్చగా ఉంచుకుంటానని అన్నారు.

ఆ సమయంలోనే మన పేట బ్యాండు మేళం పెద్దాయన ఒక గోనెసంచితో వచ్చారు. సంచిలో ఒక పాత ట్రాంబోన్ ఉంది. ఆయన తండ్రిగారు పెళ్లి ఊరేగింపుల్లో వాయించినది. స్లైడు బిగుసుకుపోయి ఏళ్లయిందట. తీరపు గాలి ఇత్తడిని తింటుందని మనకు తెలిసిందే, గొట్టమంతా చిలుము పట్టి ఉంది. విద్వాంసుడు దాన్ని రెండు చేతులతో అందుకున్నారు. లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య ఉండేది వెంట్రుకవాసి సందు. చిన్న సొట్ట పడినా, కాస్త చిలుము చేరినా కదలదు. గోరువెచ్చని సబ్బునీళ్లు తెప్పించి, తాడుకు కట్టిన మెత్తని గుడ్డను గొట్టంలోంచి ఇటు నుంచి అటు లాగుతూ, మళ్లీ కడుగుతూ, ముప్పావు గంట మిల్లు మెట్ల మీద కూర్చున్నారు. మొదట అంగుళం కదిలింది. తరువాత జాన. చివరికి స్లైడు దాని బరువుకు అదే జారింది. మేళం పెద్దాయన ఏమీ మాట్లాడలేదు, కండువాతో ముఖం తుడుచుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. ఈ సంఘంలో పదవి తీసుకున్నందుకు నాకు దక్కిన ఫలం ఆ క్షణమే అనుకున్నాను.

ఊరేగింపు మాట వచ్చింది కనుక విద్వాంసుడు చెప్పిన ఒక సంగతి రాస్తాను. గత శతాబ్దం మొదట్లో న్యూ ఓర్లీన్స్ వీధుల్లో బ్యాండ్లు బండ్ల మీద ఎక్కి వాయించేవి. స్లైడు ముందుకు చాచితే పక్కవాడికి తగులుతుంది కనుక ట్రాంబోన్ మనిషిని బండి వెనక, తలుపు దించిన చోట కూర్చోబెట్టేవారు. స్వరం నుంచి స్వరానికి జారుతూ వాయించే ఆ పద్ధతికి అందుకే బండి వెనక తలుపు పేరు వచ్చింది, టెయిల్‌గేట్ అంటారు. కిడ్ ఓరీ ఆ బాణీకి పేరుపొందినవాడు. తరువాతి తరంలో జె.జె. జాన్సన్ ఇదే స్లైడు మీద, మీటలున్న వాద్యాలకు దీటైన వేగం సాధించాడు. మేళం పెద్దాయన ఇదంతా విని, తన తండ్రి కూడా మేళంలో ఒక పక్కన నడిచేవారని, పందిరి గుంజలకు తగలకుండా ఉండటానికని చెప్పారు. ఈ మాట అనువదించి చెప్పగానే విద్వాంసుడు లేచి ఆయన చేయి పట్టుకున్నారు.

ఇక కచేరీ. మొదటి పాట పన్నెండు భాగాల బ్లూస్, అంటే పన్నెండు భాగాలు ముగియగానే మళ్లీ మొదటికి వచ్చే పాట. మన సంగీత పాఠశాలలో మృదంగం నేర్చుకుంటున్న అమ్మాయి ముందు వరుసలో ఎనిమిది దెబ్బల ఆదితాళం వేస్తూ కూర్చుంది. ఆరు ఆవర్తనాలు ముగిసేసరికి ప్రతిసారీ పాట మొదటికి వస్తోందని గమనించి పక్కవాళ్లకు చెప్పింది. లెక్క సరిగ్గా సరిపోతుంది: భాగానికి నాలుగు దెబ్బల చొప్పున పన్నెండు భాగాలు నలభై ఎనిమిది, ఆదితాళం ఆరుసార్లు. ఆ మాట వరుస వరుసకూ పాకింది. అంతవరకు కొత్తగా కూర్చున్న జనం, కీబోర్డు ఒంటరిగా నడిచినా, బేస్ ఒంటరిగా నడిచినా, ఎక్కడ మొదలు వస్తుందో వేళ్ల మీద పట్టుకుని వినడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి కచేరీ మనదయింది.

గుడి నాదస్వర విద్వాంసులు ఈ స్వరాలు శుద్ధ ధన్యాసి రాగంలా ఉన్నాయన్నారు. నిజమే, బ్లూస్‌లో ఎక్కువగా వినబడే ఐదు స్వరాలు అవే. కానీ మన దగ్గర శ్రుతి కదలకుండా నిలబడి ఉంటే, అక్కడ అడుగున స్వరాల గుంపు మారుతూ పోతుంది. అందువల్ల అదే గాంధారం ఒకసారి నొప్పిగా, ఒకసారి తీపిగా వినిపిస్తుంది. ట్రాంబోన్ ఆ గాంధారం మీద సూటిగా దిగలేదు. పైనుంచి జారి, కొంచెం కింద ఆగి, మెల్లగా తడుముతూ దాని దగ్గరకు వచ్చింది. మీటలున్న వాద్యానికి ఇది చాలా కష్టం. గమకాలతో పెరిగిన చెవి మనది కనుక జారుడు మొదలైన ప్రతిసారీ కళ్లమంతా తలలు ఊగాయి. వాళ్ల ఊళ్లలో ఒక్కొక్కరి వంతు ముగియగానే చప్పట్లు కొడతారట, మన వాళ్లు భళా అన్నారు.

ఒక పాటలో విద్వాంసుడు ట్రాంబోన్ వెడల్పు మూతికి రబ్బరు గిన్నె అడ్డం పెడుతూ తీస్తూ మనిషి మాట్లాడినట్టు పలికించారు. మధ్యాహ్నం ఒక పాప తెచ్చి ఇచ్చిన కొబ్బరి చిప్పనూ ప్రయత్నించారు. చిప్ప గట్టిది కనుక రబ్బరంత మెత్తగా రాలేదు కానీ, ముక్కుతో పాడినట్టు ఒక వింత నాదం వచ్చింది. పిల్లలు అదే మళ్లీ కావాలని అడిగారు.

చివరి పాటకు మేళం పెద్దాయనను వేదిక మీదకు పిలిచారు. బాగుచేసిన పాత ట్రాంబోన్ విద్వాంసుడు తీసుకుని, తన వాద్యం ఆయన చేతికిచ్చారు. పెద్దాయనకు తెలిసినది మీటలుండే యుఫోనియం, స్లైడు ఎప్పుడూ వాయించలేదు. అందువల్ల ఒకటో స్థానం కదలకుండా, పెదవుల బిగువుతో వచ్చే స్వరాలే ఊదుతూ అడుగున ఆధారంగా నిలిచారు. దాని మీద విద్వాంసుడు ఆ చిలుము వదిలిన గొట్టంతో వాయించారు. ముప్పై ఏళ్లుగా మన పెళ్లిళ్లన్నిటిలో మేళం వెంట నడిచాం. మేళం పెద్దాయన వాయిస్తుండగా కూర్చుని విన్నది మాత్రం ఆ రాత్రే మొదటిసారి.

లోపాలు కూడా రాయాలి. ఆడవారికి తగినన్ని మరుగుదొడ్లు ఏర్పాటు చేయలేకపోయాం, ఇది కార్యవర్గం తప్పు. దోమలకని పెట్టిన పొగ వేదిక వైపు మళ్లి వాయించేవారి ఊపిరికి అడ్డమైంది, రెండో పాటకే తీసివేయవలసి వచ్చింది. పదిన్నర దాటాక మంచు కురిసి వెనక వరుసల్లో వృద్ధులు ఇబ్బంది పడ్డారు. వచ్చే ఏడాది సాయంత్రం ఐదింటికే మొదలుపెట్టాలి.

కచేరీ విరాళాల్లో మిగిలిన మొత్తాన్ని విడిగా ఉంచాం. మేళాల వారి పాత ఇత్తడి వాద్యాలను బాగుచేయించడానికి, నేర్చుకోదలచిన పిల్లలకు వారానికి ఒక పూట పాఠం చెప్పించడానికి ఆ సొమ్ము వాడాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. మేళం పెద్దాయన పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు, గౌరవ వేతనం వద్దన్నారు. ఇవ్వవలసిందేనని నా అభిప్రాయం, దయచేసి సభ్యులు ఈ సమావేశంలో మొత్తం నిర్ణయించండి. మిల్లు యజమాని గారు ఆదివారాలు కళ్లం వాడుకోనిస్తామన్నారు. ఇప్పటికి ఏడుగురు పిల్లలు పేర్లిచ్చారు, వారిలో ముగ్గురు అమ్మాయిలు.

పెద్దాయన ఈ రోజు ఆ ట్రాంబోన్‌తో సభకు వచ్చారు. నాలుగో స్థానం దాకా వచ్చిందట. తీర్మానాలు పూర్తయ్యాక వాయిస్తారు, కాఫీకి లేచేముందు సభ్యులు దయచేసి ఆగవలసిందిగా మనవి.

ఇట్లు,
కార్యదర్శి