ఆ శాతాలను ఎవరు కొలిచారు?

సంపాదకుడికి,

అనుభవపూర్వక అభ్యసనంపై, అంటే స్వయంగా చేసి నేర్చుకోవడంపై, మీ విద్యా పేజీలో వచ్చిన వ్యాసానికి ఎవరైనా జవాబు రాస్తారని చూశాను. ఎవరూ రాసినట్లు లేదు. వ్యాసం పక్కన రంగురంగుల పిరమిడ్ ఒకటి వేశారు. చదివినదానిలో 10 శాతం, విన్నదానిలో 20, చూసినదానిలో 30, స్వయంగా చేసినదానిలో 90 శాతం గుర్తుంటాయట! మనిషి జ్ఞాపకశక్తి ఇలా సరిగ్గా పదుల లెక్కన తెగిపడుతుందా? ఎవరిని, ఏ పాఠంలో, ఎన్నాళ్ల తర్వాత పరీక్షించి ఈ లెక్క తేల్చారని అడగాలని అచ్చుకు పంపేముందు ఒక్కరికీ తోచలేదా?

బొమ్మ కింద ఎడ్గార్ డేల్ పేరు వేశారు. ఆ అమెరికా విద్యావేత్త 1946లో ఇచ్చిన ‘అనుభవ శంకువు’లో ఒక్క శాతమూ లేదు. ప్రత్యక్షానుభవం నుంచి ఉత్త మాటల దాకా బోధన మార్గాలను వరుసగా పేర్చిన బొమ్మ అది, అంతే. అంకెలు తర్వాతివారు అతికించినవి. వ్యాసం చివర కన్ఫ్యూషియస్‌కు అంటగట్టిన ‘వింటే మరచిపోతాను, చేస్తే అర్థమవుతుంది’ అనే సూక్తిదీ అదే కథ. దానికి కాస్త దగ్గరగా ఉన్న మాట ఆయన తర్వాతి కాలపు చైనా తత్వవేత్త షున్‌జీది.

ముసలి మాస్టారి చాదస్తం అనుకుంటారేమో. కానీ బడుల్లో కొంప ముంచుతున్నది ఆ 90 శాతమే. చేస్తే చాలు, వచ్చేస్తుందని నమ్మిన అధికారి చేతల్నే లెక్కపెడతాడు. ఈ వారం ఎన్ని కృత్యాలు, ఎన్ని ఫొటోలు, నివేదిక ఎప్పుడు? థర్మాకోల్ అగ్నిపర్వతాన్ని ఇంట్లో పెద్దలు చేస్తారు, పిల్లవాడు మోసుకొస్తాడు, టీచరు ఫొటో తీసి పైకి పంపుతారు. లావా ఎందుకు ఎగజిమ్ముతుందో ఆ ముగ్గురిలో ఎవరూ ఎవరినీ అడగరు.

అనుభవం నుంచే విద్య వస్తుందన్న అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీయే, అన్ని అనుభవాలూ సమానంగా విద్యనివ్వవని, కొన్ని నేర్చుకునే గుణాన్నే చెడగొడతాయని 1938లో స్పష్టంగా రాశారు. డ్యూయీ, మనస్తత్వవేత్తలు లెవిన్, పియాజేల ఆలోచనలపై అమెరికా విద్యావేత్త డేవిడ్ కోల్బ్ 1984లో కట్టిన అభ్యసన చక్రంలో నాలుగు దశలున్నాయి: అనుభవం, దానిపై పునరాలోచన, దాని నుంచి ఒక సూత్రం, ఆ సూత్రంతో మళ్లీ ప్రయోగం. మన బడులు మొదటిది ఉంచుకుని మిగతా మూడింటినీ వదిలేశాయి, గింజలు పారబోసి పొట్టు దాచుకున్నట్లు. పైగా ఒక్కొక్కరు ఒక్కో తీరులో నేర్చుకుంటారంటూ, కోల్బ్ ప్రశ్నావళి పట్టుకుని పిల్లలకు ‘అభ్యసన శైలి’ ముద్రలు వేసే శిక్షణ వ్యాపారం ఒకటి! శైలిని బట్టి బోధిస్తే మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారం లేదని 2008లోనే మనస్తత్వవేత్తలు సమీక్షించి చెప్పినా, ఆ వ్యాపారం ఆగలేదు.

దారానికి వేలాడదీసిన గుండు ఊగే లోలకం పాఠమే తీసుకోండి. బరువైన గుండు వేగంగా ఊగుతుందని పిల్లలు గట్టిగా నమ్ముతారు. ఊపి కాలం లెక్కిస్తే తేడా రాదు. అప్పుడు తరగతిలో గొడవ మొదలవుతుంది: లెక్క తప్పిందంటాడొకడు, దారం సాగిందంటుందొకామె. అసలు పాఠం ఆ గొడవే. అది ముదిరి, ఊగే కాలాన్ని మార్చేది బరువు కాదు, దారం పొడవు అన్న అనుమానం వాళ్లకే రావాలి. తర్వాత, ఊగే కాలం రెట్టింపు కావాలంటే దారం ఎంత ఉండాలని అడిగితే మొదట ‘రెట్టింపు’ అంటారు. కొలిచి చూస్తే నాలుగు రెట్లని తేలుతుంది. ఇందుకు ఒక పీరియడ్ చాలదు. సిలబస్ పూర్తికాలేదని సంజాయిషీ అడుగుతారు కాబట్టి, పాత విద్యార్థి రికార్డు చూసి రీడింగులు ముందే రాయించి, ప్రయోగం ‘అయింది’ అనిపిస్తారు. పుస్తకంలోని జవాబుకు సరిపోయేలా కొలతలు దిద్దడం పిల్లలు సైన్సు గదిలోనే నేర్చుకుంటున్నారు. అది కూడా అనుభవపూర్వక అభ్యసనమే మరి!

పిల్లలను వాళ్ల మానాన వదిలేయమని నేను అనడం లేదు. కొత్తగా నేర్చుకునేవారికి దారి చూపకుండా వదిలేస్తే నష్టమని కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ అనే విద్యా పరిశోధకులు 2006లో వాదించారు. ఆ వాదనలో బలముంది. ఎప్పుడు సూచన ఇవ్వాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలిసిన గురువు కావాలి. ఆ నేర్పు ఒక్క పూట వర్క్‌షాపులో, టీ విరామానికి ముందు చూపించే స్లైడ్లతో రాదు.

తనిఖీకి వచ్చే అధికారులు ఫొటోల లెక్క మాని, ఒక పిల్లవాడి పక్కన కూర్చుని, ‘నువ్వు ఏమవుతుందనుకున్నావు, ఏమైంది?’ అని అడిగితే చాలు. వాడు తడుముకుని, ఆలోచించి చెప్పడానికి సమయం పడుతుంది. అంతసేపు గడియారం చూడకుండా కూర్చోగల అధికారులనే బడులకు పంపాలని విద్యాశాఖకు మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు