థైరాయిడ్ గడ్డ ఉందని రాసి వదిలేయొద్దు, రిస్కు ఎంతో కూడా రాయించండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

అడగబోయేది చిన్న విషయం, మీరు తలుచుకుంటే ఒక్క ఉత్తర్వుతో అయిపోతుంది, అందుకే డొంకతిరుగుడు లేకుండా మొదటే చెప్పేస్తాను. థైరాయిడ్‌కి తీసే ప్రతి అల్ట్రాసౌండ్ రిపోర్టులోనూ "గడ్డ ఉంది" అని రాసి చేతులు దులుపుకోకుండా, ఆ గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశం ఏ స్థాయిలో ఉంది, సూది పరీక్ష (గడ్డలోంచి సూదితో కణాలు తీసి చూడటం) కావాలా వద్దా, వద్దంటే మళ్లీ స్కాన్ ఎప్పుడు, అసలు మళ్లీ అక్కర్లేదా అన్నవి రాసి తీరాలని రూల్ పెట్టండి. ఇంకో రెండు విషయాలు కూడా అడుగుతాను గానీ అవి తర్వాత.

ముందు మా పిన్ని రిపోర్టు చూడండి. మెడలో రక్తనాళాల కోసం స్కాన్ తీస్తుంటే అనుకోకుండా బయటపడ్డ గడ్డ ఇది. రిపోర్టులో థైరాయిడ్ గురించి ఉన్నదంతా ఇంతే: "కుడి లోబులో 9 మిల్లీమీటర్ల నాడ్యూల్ ఉంది. డాక్టరును సంప్రదించగలరు." లోపల గట్టిగా ఉందా, నీటితో నిండి ఉందా? అంచులు నున్నగా ఉన్నాయా, చెదిరినట్టున్నాయా? సన్నటి తెల్ల చుక్కలేమైనా ఉన్నాయా? పక్కన లింఫ్ గ్రంథులు చూశారా? ఒక్కటీ లేదు. ఆ కాగితం పట్టుకుని ఆవిడ ఇంటికొచ్చి, ఫోన్‌లో నాడ్యూల్ అని కొట్టి, క్యాన్సర్ అన్న మాట కనపడగానే అన్నం మానేసింది. చూపించిన మొదటి డాక్టరు "ఎందుకైనా మంచిది, గ్రంథి మొత్తం తీసేద్దాం" అన్నాడు, ఇంట్లో సగం మంది కూడా అదే అన్నారు, ఎందుకంటే భయపడ్డవాళ్లకి తీసేయడం అంత ధైర్యమిచ్చే మాట ఇంకోటి ఉండదు.

ఆ గ్రంథి తీసేస్తే ఏమవుతుందో ఆ పూట ఎవరూ చెప్పలేదు. జీవితాంతం రోజూ పరగడుపున మాత్ర వేసుకోవాలి. గ్రంథి వెనకాల అతుక్కుని ఉండే పారాథైరాయిడ్లు దెబ్బతింటే కాల్షియం పడిపోయి వేళ్లు కొంకర్లు పోతాయి, మాటకి సంబంధించిన నరం దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది. అందరికీ అవుతుందని కాదు. కానీ అవసరం లేని ఆపరేషన్‌లో ఒక్కరికి అయినా ఎక్కువే కదా.

ఇంతకీ ఈ గడ్డలు ఎంత మామూలో చూడండి. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రాసిందేమిటంటే, అల్ట్రాసౌండ్ పెట్టి వెతికితే నూటికి 19 నుంచి 68 మంది దాకా ఏదో ఒక గడ్డ కనిపిస్తుంది, ఆడవాళ్లలోనూ వయసు పైబడ్డవాళ్లలోనూ ఇంకా ఎక్కువ. అందులో క్యాన్సర్ అని తేలేవి 7 నుంచి 15 శాతం. అంటే గడ్డ కనిపించిన నూరు మందిలో 85 మందికో అంతకంటే ఎక్కువ మందికో అది వట్టి గడ్డే. మిగిలినవాళ్లలో కూడా ఎక్కువమందికి వచ్చేది పాపిల్లరీ రకం, చాలా నెమ్మదిగా కదిలేది. ఫిన్లాండ్‌లో 1985లో వచ్చిన ఒక అధ్యయనంలో, వేరే కారణాలతో చనిపోయిన 101 మంది థైరాయిడ్‌లను సన్నటి పొరలుగా కోసి చూస్తే 36 మందిలో చిన్న చిన్న పాపిల్లరీ క్యాన్సర్లు దొరికాయి. వాళ్లెవరికీ అది ఉన్నట్టే తెలియదు.

మరి ప్రమాదమున్న గడ్డని, లేని గడ్డని విడదీసేదెలా? దారి ఎప్పుడో వేసిపెట్టి ఉంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ వాళ్లు 2017లో టైరాడ్స్ అని ఒక మార్కుల పద్ధతి ప్రచురించారు, ఇలాంటివే యూరప్, కొరియా వాళ్లవీ ఉన్నాయి. గడ్డలో ఏముంది, స్కాన్‌లో ఎంత నల్లగా ఉంది, ఆకారం ఏమిటి, అంచులెలా ఉన్నాయి, తెల్ల చుక్కలున్నాయా, ఈ ఐదింటికీ మార్కులేసి కలుపుతారు. స్పాంజిలా ఉండేదానికి, నీటి తిత్తికి సున్నా. 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఐదో తరగతి, అంటే గట్టి అనుమానం. దీని మీద సైజు చూస్తారు: మూడో తరగతి గడ్డ రెండున్నర సెంటీమీటర్లు, నాలుగోది ఒకటిన్నర, ఐదోది ఒక సెంటీమీటరు ఉంటేనే సూది పరీక్ష. రెండో తరగతికి సూదే లేదు, ఎంత పెద్దదైనా.

మా పిన్ని గడ్డని ఇంకో చోట మళ్లీ చూపించాం. గట్టిగా ఉంది కాబట్టి 2, చుట్టూ ఉన్న గ్రంథి కంటే నల్లగా ఉంది కాబట్టి 2, అంచులు నున్నన, వెడల్పే ఎక్కువ, చుక్కల్లేవు, మొత్తం 4. నాలుగో తరగతి, 9 మిల్లీమీటర్లు. ఈ పద్ధతి ప్రకారం దానికి సూదీ అక్కర్లేదు, మళ్లీ స్కాన్ కూడా అక్కర్లేదు! అదే గడ్డ వెడల్పు కంటే ఎత్తు ఎక్కువగా ఉండుంటే ఇంకో 3 మార్కులు పడి ఐదో తరగతికి వెళ్లేది, అప్పుడు కూడా సెంటీమీటరు దాటలేదు కాబట్టి సూది కాదు, ఏడాదికోసారి స్కాన్. చూశారుగా, రెండు రిపోర్టుల్లోనూ 9 మిల్లీమీటర్లే, కానీ ఒకదానికి ఇంటికెళ్లి నిద్రపోవచ్చు, ఇంకోదాన్ని ఐదేళ్లు కనిపెట్టుకుని ఉండాలి. వట్టి సైజు రాసిచ్చిన మొదటి కాగితం ఎవరికి పనికొస్తుంది?

రేడియాలజిస్టులు టైం లేదంటారు, నిజమే, వాళ్ల గదుల ముందు క్యూ మేమూ చూస్తూనే ఉన్నాం. కానీ స్కాన్ చేసేటప్పుడు కళ్లు ఇవన్నీ చూస్తూనే ఉంటాయి, రాయడమే మిగిలింది, ముందే అచ్చు వేసిన ఫారంలో ఐదు గళ్లు నింపడానికి నిమిషం పట్టదు. అసలు అడ్డంకి టైం కాదని నా అనుమానం. "వద్దు, అక్కర్లేదు" అని సంతకం పెట్టి రాశాక రేపు ఏదైనా తేలితే తన మెడకి చుట్టుకుంటుందని డాక్టరు భయం. అందుకే ఇది మీ దగ్గర్నుంచి రావాలంటున్నాను. ప్రభుత్వమే ఒక పద్ధతి చెప్పి, దాని ప్రకారం రాసినవాళ్లకి అండగా ఉంటే, "ఎందుకైనా మంచిది" అని రాసే సూదులూ ఆపరేషన్లూ వాటంతటవే తగ్గుతాయి.

స్కాన్‌కి ముందో పక్కనో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పని చేయించే హార్మోన్) రక్త పరీక్ష ఉండాలన్నది కూడా ఆ ఫారంలో ఒక గడిగా పెట్టండి. టీఎస్‌హెచ్ తక్కువగా ఉంటే ఆ గడ్డ తానే హార్మోన్ తయారు చేస్తుండొచ్చు, అది కొద్దిగా రేడియోధార్మిక పదార్థం ఇచ్చి తీసే ఐసోటోప్ స్కాన్‌లో తేలుతుంది, అలాంటి గడ్డలో క్యాన్సర్ చాలా అరుదు, సూది పోటు తప్పుతుంది.

ఇక సూది పరీక్ష రిపోర్టులు. వీటికి బెథెస్డా అని ఆరు తరగతుల పద్ధతి ఉంది, చాలా ల్యాబులు వాడుతున్నాయి కూడా, కానీ పేషెంటు చేతికొచ్చే కాగితం మీద "బెథెస్డా 3" అని ఒక్క ముక్క ఉంటుంది, దాని అర్థం రాయరు. 2023లో వచ్చిన మూడో కూర్పు ప్రకారం సగటున రెండో తరగతిలో క్యాన్సర్ అవకాశం 4 శాతం, మూడులో 22, నాలుగులో 30, ఐదులో 74, ఆరులో 97. ఈ అంకె పక్కనే అచ్చు వేస్తే ఏం పోయింది? మొదటి తరగతి అంటే కణాలు సరిపోలేదు, మళ్లీ తీయాలి అని, అంతే, దాన్ని చూసి హడలిపోయినవాళ్లని నేనెరుగుదును.

అసలు చిక్కంతా మూడూ నాలుగూ తరగతుల్లోనే. ఫాలిక్యులర్ రకం గడ్డ క్యాన్సరా కాదా అన్నది కణాన్ని చూసి చెప్పలేరు, దాని పైపొరని చీల్చుకుని బయటికొచ్చిందా, రక్తనాళాల్లోకి దూరిందా అన్నది చూడాలి, అది గడ్డ చేతికొస్తే తప్ప తెలియదు. ఇక్కడే పేషెంటుకి దారులు ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి: సూది మళ్లీ పెట్టి చూడటం, అందుబాటులో ఉంటే జన్యు పరీక్ష, కొన్నాళ్లు గమనించడం, లేదా గడ్డ ఉన్న వైపు లోబు ఒక్కటే తీయడం. ఒక్క లోబే తీస్తే మిగతా సగం చాలామందిలో పని చేస్తూనే ఉంటుంది. మొత్తం గ్రంథి తీయడం మొదటి మాట కాకూడదు. క్యాన్సర్ అని తేలినా సరే, 4 సెంటీమీటర్లలోపు ఉండి, గ్రంథి దాటి బయటికి పాకకుండా, లింఫ్ గ్రంథుల్లో కనపడకుండా ఉంటే ఒక లోబు తీయడం సరిపోవచ్చని 2015 మార్గదర్శకాలే చెప్పాయి.

సెంటీమీటరులోపు పాపిల్లరీ క్యాన్సర్‌ని ఆపరేషన్ చేయకుండా గమనిస్తూ ఉండటం కూడా వైద్యమే అంటే మన దగ్గర నమ్మరు. జపాన్‌లో కోబేలోని కుమా హాస్పిటల్ 1993 నుంచి ఇదే చేస్తోంది. అలా గమనించిన 1,235 మంది లెక్క 2014లో ప్రచురించారు: పదేళ్లలో గడ్డ పెరిగింది 8 శాతం మందికి, లింఫ్ గ్రంథిలో కనిపించింది 3.8 శాతం మందికి, థైరాయిడ్ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు ఒక్కరూ లేరు. పెరిగినవాళ్లకి అప్పుడు ఆపరేషన్ చేశారు, ఆలస్యమైందని నష్టపోలేదు. అయితే గడ్డ శ్వాసనాళానికో మాట నరానికో ఆనుకుని ఉంటే ఇది కుదరదు, క్రమం తప్పకుండా స్కాన్‌కి వచ్చేవాళ్లకే కుదురుతుంది. మనిషి స్వభావం కూడా చూడాలి, లోపల క్యాన్సర్ ఉందన్న టెన్షన్‌తో రోజూ నలిగిపోయేవాళ్లకి ఆపరేషనే మేలు కావచ్చు. కానీ ఎంచుకునేది వాళ్లు కావాలి, వాళ్లకి ఈ దారి ఉందని ఎవరో ఒకరు చెప్పాలి.

క్యాన్సర్ కాదని తేలినా పెద్దదై మింగుడు పడనీయని గడ్డలున్నాయి. నీటి తిత్తులకి ఆల్కహాల్ ఇంజెక్షన్, గట్టివాటికి రేడియో ఫ్రీక్వెన్సీతో కాల్చడం ఉన్నాయి, అన్నిటికీ కత్తే కాదు. గడ్డ కరుగుతుందని హార్మోన్ మాత్రలు రాసిచ్చే పాత అలవాటు ఇంకా పోలేదు, అయోడిన్ లోపం లేనివాళ్లకి అది వద్దని అదే మార్గదర్శకాలు 2015లోనే చెప్పాయి.

రెండో కోరిక. ఉచిత పరీక్షల శిబిరాల్లో, మాస్టర్ చెకప్ ప్యాకేజీల్లో, ఏ లక్షణమూ లేనివాళ్ల మెడ మీద స్కాన్ పెట్టడం ఆపించండి. వినడానికి ఇది వింతగా ఉంటుందని తెలుసు, ముందే కనిపెడితే మంచిది కదా అంటారు. దక్షిణ కొరియాలో అదే అనుకున్నారు. 1999లో అక్కడ మొదలైన జాతీయ క్యాన్సర్ పరీక్షల్లో థైరాయిడ్ లేదు, కానీ ఎలాగూ వచ్చారు కదా అని ఆసుపత్రులు కొంచెం డబ్బు తీసుకుని మెడ స్కాన్ కూడా చేసేశాయి. 2011కి వచ్చేసరికి థైరాయిడ్ క్యాన్సర్ రేటు 1993లో ఉన్నదానికి 15 రెట్లయింది, అన్ని క్యాన్సర్లలో అదే మొదటి స్థానం, ఒక్క ఆ ఏడాదే 40 వేల మందికి పైగా. మరణాల రేటు? ఉన్నచోటే ఉంది. ఆపరేషన్ అయినవాళ్లలో 11 శాతం మందికి పారాథైరాయిడ్ దెబ్బతింది, 2 శాతం మందికి స్వరతంత్రి పడిపోయింది. 2014లో అక్కడి డాక్టర్లే కొందరు బయటికొచ్చి ఈ స్కాన్లు ఆపమని చెబితే, ఏడాదిలో ఆపరేషన్లు 35 శాతం తగ్గాయి. 2017లో అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ కూడా లక్షణాల్లేని పెద్దవాళ్లకి థైరాయిడ్ స్క్రీనింగ్ వద్దని తేల్చింది. శిబిరం పెట్టి ఇన్ని గడ్డలు కనిపెట్టామని ఫొటోలు దిగడం తేలికే, తర్వాత ఆ గడ్డలు మోసేది ఎవరు?

ఇదంతా చదివి గడ్డల్ని పట్టించుకోవద్దంటున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. వారాల్లో గబగబా పెరిగే గడ్డ, రాయిలా కదలకుండా ఉన్నది, కొత్తగా వచ్చి తగ్గని గొంతు బొంగురు, మెడ పక్కన బిళ్లలు, చిన్నప్పుడు మెడకి రేడియేషన్ తగిలినవాళ్లు, ఇంట్లో ఎవరికైనా వంశపారంపర్యంగా రాగల మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు, పిల్లల్లో కనిపించే గడ్డ: వీళ్లెవరూ వరుసలో ఆగకూడదు. చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం ప్రమాదంలో రేడియేషన్ బయటికొచ్చాక పిల్లల్లో ఎంతమందికి థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందో లోకమంతా చూసింది. అక్కర్లేని 9 మిల్లీమీటర్ల గడ్డలతో స్కాన్ గదులూ ఆపరేషన్ థియేటర్లూ నిండిపోతే వెనక పడేది సరిగ్గా వీళ్లే, నా కోపమంతా అక్కడే.

మూడోది డబ్బు సంగతి. ప్రభుత్వ వైద్య పథకం ఏదైనా సరే, ఆపరేషన్‌కి డబ్బిచ్చి, ఏడాదికోసారి తీసే స్కాన్‌కి, సూది పరీక్షకి, రెండో డాక్టరు అభిప్రాయానికి ఇవ్వకపోతే ఆసుపత్రి ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? పేషెంటు కూడా అటే మొగ్గుతాడు, చేతి నుంచి పడేది తక్కువ కాబట్టి. గమనించడాన్ని కూడా ప్యాకేజీలో చేర్చండి. ఆపరేషన్ తప్పనప్పుడు, ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారో సర్జన్‌ని రాతపూర్వకంగా చెప్పమనండి. ఏడాదికి 25కి మించి థైరాయిడ్ మొత్తం తీసే సర్జన్ల చేతిలో ఇబ్బందులు తక్కువని 2017లో అమెరికాలో వచ్చిన అధ్యయనం ఒకటి ఉంది.

ఒకేసారి అన్నిచోట్లా కుదరదంటే ముందు ప్రభుత్వ ఆసుపత్రుల స్కాన్ గదుల్లో ఆ ఐదు గళ్ల ఫారం పెట్టించండి, ప్రైవేటు సెంటర్లకి లైసెన్సు రెన్యువల్ నాడు అదే షరతు పెట్టొచ్చు. ఫారం మీద చివరి వరుస మాత్రం పేషెంటుకి అర్థమయ్యే భాషలో ఉండాలి, "సూది పరీక్ష అవసరం లేదు" అనో, "ఏడాది తర్వాత స్కాన్" అనో, "ఈ వారమే డాక్టర్ని కలవండి" అనో, కింద సంతకంతో.

ఇట్లు,
ఒక పేషెంటు తాలూకు మనిషి