ఎదుటి జట్టు మెకానిక్ గారికి కృతజ్ఞతలు

పోటీ 40 నిమిషాల్లో ఉందనగా మా ఎనిమిది తెడ్ల పడవలో 6వ సీటు తెడ్డు ప్రతిసారీ లోతుకు దిగబడిపోతోంది. మేమంతా ఆ కుర్రాణ్ణే తిట్టాం. తప్పు అతనిది కాదని గట్టు మీంచి కనిపెట్టింది మీరు, మా ప్రత్యర్థి విశ్వవిద్యాలయం పడవలు చూసుకునే మనిషి!

పిచ్ మీటర్ పెట్టి పిచ్, అంటే తెడ్డు ఆకు నిలువు నుంచి ఎంత వాలి ఉందో, కొలిచారు. 4 డిగ్రీలు ఉండాల్సిన చోట 1 చూపించింది. తెడ్డును పట్టి ఉంచే ఓర్‌లాక్‌లో మా వాళ్లెవరో 1-7 ప్లాస్టిక్ బుష్‌లు (ఒకవైపు పెడితే 1, తిప్పి పెడితే 7 డిగ్రీల పిచ్ ఇచ్చే బిళ్లలు) వేసేశారు. పిచ్ తగ్గితే తెడ్డు ఆకు నీళ్లలో కిందికి దూసుకుపోతుంది, మరీ ఎక్కువైతే పైకి తేలి జారిపోతుంది. మీ పెట్టెలోంచి, ఎటు పెట్టినా 4 డిగ్రీలే ఇచ్చే 4-4 బుష్‌లు రెండు తీసి, పైనొకటి కిందొకటి నొక్కి, మళ్లీ కొలిచారు. అడక్కుండానే 10 మి.మీ. స్పానర్‌తో రిగ్గర్ (ఓర్‌లాక్‌ను పడవ పక్కన పట్టి ఉంచే చట్రం) నట్లన్నీ చూశారు. ఒకటి పావు చుట్టు వదులుగా దొరికింది.

బుష్‌ల సంగతి అడిగితే "పోటీ అయ్యాక ఇద్దురు లెండి" అన్నారు. గెలిచింది మీ వాళ్లే అనుకోండి. కానీ మా 6వ తెడ్డు ఒక్కసారి కూడా దిగబడలేదు. ఒడ్డుకొచ్చేసరికి మీ ట్రైలర్ వెళ్లిపోయింది. ఆ రెండు బుష్‌లూ తుడిచి దాచాం.